‘సూన్’ అంటే ఎప్పుడు?

ఉద్యోగరీత్యా నేను తెలుగు పండితుణ్ణి. అయితే పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు సెలవు పెట్టినప్పుడు ఆ పీరియడు ఎవరు ఖాళీగా ఉంటే వారిదే. అలా ఒకనాడు తొమ్మిదవ తరగతికి ఇంగ్లీషు పాఠం చెప్పవలసి వచ్చింది. 1980ల నాటి మాట. పాఠంలో ‘సూన్’ అన్న పదం వచ్చింది. నల్లబల్ల మీద ‘సూన్ – త్వరలో’, దాని కింద ‘ఇమ్మీడియట్లీ – వెంటనే’ అని రాసి, రెండూ క్రియావిశేషణాలేనని చెప్పి ముందుకు సాగబోతున్నాను. వెనుక వరుసలో ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

“త్వరలో అంటే ఎప్పుడు మాస్టారూ?”

తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాడు మాత్రం నవ్వలేదు. ఉపకార వేతనం ‘త్వరలో’ మంజూరవుతుందని ఒక కార్యాలయం నుంచి వచ్చిన కాగితాన్ని ఆ జూలైలో నేనే తరగతిలో చదివి వినిపించాను. అప్పటికి డిసెంబరు నెల. వాడు దేనిని గురించి అడిగాడో ఆ రాత్రి ఇంటి దగ్గర అన్నం ముందు కూర్చున్నాక గాని నాకు తట్టలేదు.

పదవీ విరమణ తరువాత దొరికిన తీరికలో ఆ ప్రశ్నను నిఘంటువుల వెంట, చరిత్ర గ్రంథాల వెంట తీసుకుపోయాను. దొరికినదాన్ని చదువరుల ముందు పెడుతున్నాను. ఇంగ్లీషు నా విద్య కాదు. పొరపాట్లు ఉంటే పెద్దలు దిద్దగలరు.

ముందుగా ‘సూన్’ సంగతే చూద్దాం. ప్రాచీన ఆంగ్లంలో దీని రూపం ‘సోనా’. అర్థం వెంటనే, ఆ క్షణాననే. ‘త్వరలో’ కాదు. వెయ్యేళ్ళ కిందట ఒక ఆంగ్లేయుడు ఈ మాట అని కూర్చున్నచోటే కూర్చుంటే పక్కవాడు అబద్ధికుడివని అని ఉండేవాడు. కాలక్రమాన ఆ మాట సడలింది. ‘వెంటనే’ పోయి ‘కొద్దిసేపట్లో’ అయింది. ఆ తరువాత ‘కొన్నాళ్ళలో’ కూడా అయింది.

మాట సడలితే దాని చోటు ఖాళీగా ఉండదు. ‘వెంటనే’ అని చెప్పవలసిన అవసరం మనుషులకు రోజూ ఉంటుంది గదా. ఆ పనికి మరో మాటను నియమించారు. అది ‘అనాన్’. దీని పుట్టుక ‘ఆన్ ఆన్’, అంటే ‘ఒకదానిలోనికి’. ఒకే సరళిలో, మధ్యలో ఆగకుండా అని తాత్పర్యం. ఛాసర్ కాలంలో అది గట్టి మాటే. షేక్స్పియర్ కాలానికి దాని పరువు ఎక్కడికి దిగిందో ‘నాలుగవ హెన్రీ’ మొదటి భాగంలో కనిపిస్తుంది. ఆ నాటకం 1598లో అచ్చయింది. అందులో ఫ్రాన్సిస్ అని ఒక కుర్రవాడు సారాయి దుకాణంలో పాత్రలు అందించే పని చేస్తుంటాడు. పక్క గదిలో నుంచి ఒకరు పిలుస్తుంటారు. ఈ గదిలో యువరాజు కదలనివ్వకుండా మాటల్లో పెడుతుంటాడు. పిలిచినప్పుడల్లా వాడు ‘అనాన్’ అనే అంటాడు. ఒక్కసారీ వెళ్ళడు. ప్రేక్షకులు అక్కడ నవ్వుతారు. ‘ఇదిగో వస్తున్నా’ అన్న మాటకు రాకపోవడమని అర్థం చెప్పుకున్నవాళ్ళే అలా నవ్వగలరు.

‘అనాన్’ పలుచబడుతున్న కాలంలోనే ‘ప్రెజెంట్లీ’ చెలామణిలో ఉంది. ప్రెజెంట్ అంటే వర్తమానం. దాని నుంచి వచ్చిన క్రియావిశేషణానికి ‘ఇప్పటికిప్పుడు’ అని అర్థం రావడం న్యాయమే. షేక్స్పియర్ నాటకాలలో ఈ మాట చాలా చోట్ల ఆ అర్థంలోనే ఉంటుంది. ఇప్పటి పాఠకుడు ‘కాసేపట్లో’ అని చదువుకుంటే సన్నివేశమే చెడిపోతుంది. ఇప్పుడు ఇంగ్లండులో దానికి ప్రధానమైన అర్థం ‘కాసేపట్లో’. అమెరికాలోనూ, స్కాట్లండులోనూ ‘ప్రస్తుతం’ అన్న వాడుక కూడా ఉంది. ఒకే మాటకు ఒక తీరాన ‘ఇప్పుడు’, మరో తీరాన ‘ఇప్పుడు కాదు’ అన్నమాట.

‘బై అండ్ బై’ గతి ఇంకా విచిత్రం. ఇప్పుడు దానికి ‘మెల్లగా, ఎప్పటికో ఒకప్పటికి’ అన్నంత వదులు అర్థం. కానీ 1611 నాటి ఆంగ్ల బైబిలులో అది ‘తక్షణమే’ అన్న అర్థంలో ఉంది. మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో హేరోదియ కుమార్తె రాజును యోహాను తల పళ్ళెంలో పెట్టి ఇమ్మని అడిగే చోట ఆ మాట కనిపిస్తుంది. ఆమె ఎప్పుడో తీరికగా ఇమ్మనలేదు. మూలమైన గ్రీకులో ఉన్నది ‘వెంటనే’. 1881లో ఆ అనువాదాన్ని సవరించిన పండితులు ‘బై అండ్ బై’ తీసివేసి ‘ఫోర్త్‌విత్’ అని మార్చవలసి వచ్చింది. గ్రంథం మారలేదు, దాని కింద ఉన్న భాష కదిలింది. మన పాత తెలుగు బైబిలులో ఆ చోట ‘ఇప్పుడే’ అని ఉంది. చక్కని మాట.

ఇంకా చెప్పాలంటే ‘డైరెక్ట్లీ’ ఉంది. తిన్నగా, తక్షణం అన్న అర్థంతో మొదలైన ఈ మాట అమెరికా దక్షిణ రాష్ట్రాల పలుకుబడిలో ‘కాసేపాగి’ అయింది. దక్షిణాఫ్రికా ఇంగ్లీషులో ‘జస్ట్ నౌ’ అంటే ఇప్పుడే కాదు, తరువాత ఎప్పుడో. నిజంగా కాస్త ముందుగా రావాలంటే అక్కడివారు ‘నౌ నౌ’ అని రెండుసార్లు అంటారు.

ఇన్ని మాటలూ ఒకే దిక్కుకు ఎందుకు జారాయి? మనుషుల బద్ధకమే కారణమని తేల్చడం సులభం. కానీ కథ చెప్పే తీరులో కూడా ఒక కారణం ఉంది. ‘అతడు బయలుదేరాడు, వెంటనే నది కనిపించింది’ అంటాం. నిజానికి నడుమ అరగంట నడక ఉండవచ్చు. కథలో ఆ అరగంటకు పని లేదు కనుక ‘వెంటనే’ దాన్ని మింగివేస్తుంది. ఇలా వేలసార్లు మింగగా మాట పొట్ట సాగుతుంది. ఇది మొదటి కారణం. రెండవది వాగ్దానం. ‘ఇదిగో చేస్తున్నా’ అన్న ప్రతివాడూ కొంచెం ఆలస్యంగానే చేస్తాడు. వినేవాడు ఆ కొంచెాన్ని మాటకే చేర్చి అర్థం చేసుకుంటాడు. అంటే ఈ మాటల అర్థాన్ని నిర్ణయించింది పలికినవాళ్ళ ఉద్దేశం కన్నా ఎదురుచూసినవాళ్ళ అనుభవమే.

మన ఇంటి సంగతి మాత్రం వేరా? అమరకోశం ప్రథమకాండలో శీఘ్రార్థకాలు పదకొండు ఉన్నాయి. ఆశుకవిత్వంలోని ‘ఆశు’, క్షిప్రగణపతిలోని ‘క్షిప్ర’, సత్వరం, అవిలంబితం అన్నీ ఆ కుటుంబానివే. తెలుగులో చప్పున, చటుక్కున, తటాలున, గభాలున అని చప్పుళ్ళతో పుట్టిన మాటలు కొల్లలు. ఇన్ని ఉండీ ఇల్లు కదిలేటప్పుడు మనం అనేది ‘ఇప్పుడే వస్తాను’. అప్పుడే మనం వెళుతున్నాం! ‘త్వర’ అనే ఒక్క ధాతువునే చూడండి. ‘త్వరగా రా’ అంటే ఆజ్ఞ, ‘త్వరలో వస్తాను’ అంటే వాయిదా. ‘గా’ తగిలితే కాళ్ళకు పరుగు, ‘లో’ తగిలితే పీటకు అతుక్కుపోవడం. అడిగేవాడు మొదటిదాన్ని వాడతాడు, ఇవ్వవలసినవాడు రెండవదాన్ని వాడతాడు.

ఇంకొక ఉదాహరణ మీ అందరికీ తెలిసినదే. దయ్యం తలుపు తట్టకుండా ఊళ్ళలో గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. అది రోజూ వచ్చి చదువుకుని, రేపు వద్దామని వెనుదిరుగుతుందట. ఏ మంత్రమూ లేకుండా ఒక్క కాలవాచకంతో దయ్యాన్ని శాశ్వతంగా గుమ్మం బయట నిలబెట్టడమంటే సామాన్యమైన విద్య కాదు. ఈ విద్య గోడలతో ఆగలేదని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

మాటలు ఇలా సడలిపోతుంటే న్యాయశాస్త్రానికి ఇబ్బంది. అందుకే అది ‘ఫోర్త్‌విత్’ను పట్టుకుంది. ఈ మాట నిర్మాణం చూస్తే తెలుగువాడికి సంతోషం కలుగుతుంది. ‘ఫోర్త్’ అంటే ముందుకు, ‘విత్’ అంటే తోడుగా. ఒకదాని వెంట మరొకటి అని భావం. మన ‘వెంటనే’ కూడా ‘వెంట’కు ఏకారం తగిలించినదే గదా. వీథిలో చెలామణి తగ్గి శాసనాలలో మాత్రమే బతకడం వల్ల కాబోలు, ‘ఫోర్త్‌విత్’ తన సోదరులంతగా చెడలేదు. అయినా దానికీ పరీక్షలు తప్పలేదు. మన దేశంలో 1950 నాటి నివారక నిర్బంధ చట్టం ప్రకారం ఒక మనిషిని నిర్బంధించమని ఆజ్ఞ ఇచ్చిన అధికారి ఆ సంగతిని రాష్ట్ర ప్రభుత్వానికి ‘ఫోర్త్‌విత్’ నివేదించాలి. 1956 జనవరిలో బొంబాయి అల్లర్ల సమయంలో ఆ నివేదిక 8 రోజులకు వెళ్ళింది. నిర్బంధితులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ‘ఫోర్త్‌విత్’ అంటే రెప్పపాటు అని కాదు, తప్పించుకోగలిగిన ఆలస్యం లేకుండా అని న్యాయస్థానం ఆ ఏడాదే తేల్చింది. ఊరు మండుతున్న ఆ రోజులలో ఆ 8 దినాలూ క్షమార్హమేనన్నది. వ్యాఖ్య సమంజసమే. కానీ ఒక క్రియావిశేషణం లోపల 8 రోజులు పట్టాయని, ఆ రోజులలో కొందరు మనుషులు చెరసాలలో ఉన్నారని మరిచిపోరాదు.

ఇక నన్ను అన్నిటికన్నా కలచివేసిన కథ అమెరికాది. అది బడికి సంబంధించినది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

వర్జీనియా రాష్ట్రంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ అనే కౌంటీ ఉంది. దాని ముఖ్యపట్టణం ఫామ్‌విల్. అక్కడ నల్లజాతి పిల్లలకు మోటన్ ఉన్నత పాఠశాల. 180 మంది కోసం కట్టిన ఆ బడిలో 1951 నాటికి 450 మందికి పైగా పిల్లలు. చోటు చాలక తారుకాగితం కప్పిన పాకలు వేసి అందులో పాఠాలు చెప్పారు. ఆ ఏడాది ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ళ విద్యార్థిని నాయకత్వాన పిల్లలే సమ్మె కట్టారు. ఆ వ్యవహారం దావాగా మారి, మరి కొన్ని రాష్ట్రాల దావాలతో కలిసి ‘బ్రౌన్’ కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. (ఇది మన నిఘంటుకర్త బ్రౌను దొర కాదు. కాన్సాస్ రాష్ట్రంలో తన కుమార్తె కోసం దావాకు నిలబడిన ఒక తండ్రి పేరు.) 1954 మే 17న న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా, జాతిని బట్టి పిల్లలకు బడులు వేరు చేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు.

ఎప్పటిలోగా అన్నది మాత్రం ఆ తీర్పులో లేదు. దానికి మరో సంవత్సరం వాదోపవాదాలు జరిగాయి. పిల్లల పక్షాన థర్‌గుడ్ మార్షల్, ఆయన సహచరులు కోరిన మాట ‘ఫోర్త్‌విత్’. 1955 మే 31న వచ్చిన రెండవ తీర్పులో న్యాయస్థానం ఆ మాట ఇవ్వలేదు. దాని బదులు ‘విత్ ఆల్ డెలిబరేట్ స్పీడ్’ అన్నది. తెలుగులో చెప్పాలంటే ‘తగిన ఆలోచనతో కూడిన సమస్త వేగంతో’. ‘డెలిబరేట్’ లాటిన్‌లో త్రాసును చెప్పే మాటకు చుట్టం. తూచి తూచి అని భావం. తూచి తూచి పరుగెత్తమన్నారు! ఈ పదబంధాన్ని ఆ తీర్పులోకి తెచ్చినవారు జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ అని చరిత్రకారులు చెబుతారు. ఆయనకు అది జస్టిస్ హోమ్స్ 1911లో రాసిన ఒక తీర్పు నుంచి వచ్చింది. ఆ తీర్పు వర్జీనియాకు, దాని నుంచి విడిపోయిన పశ్చిమ వర్జీనియాకు మధ్య అప్పు పంపకం తగాదాలోది. రెండు రాష్ట్రాల అప్పు లెక్కకు సరిపోయిన కొలత పెరుగుతున్న పిల్లలకు సరిపోతుందా? అప్పు వడ్డీతో తీర్చవచ్చు. ఆరో తరగతి వయసును ఏ వడ్డీతో తిరిగి ఇస్తాం?

న్యాయమూర్తుల ఉద్దేశాన్ని శంకించడం లేదు. దక్షిణాది రాష్ట్రాలు బాహాటంగా ఎదిరిస్తాయేమో, తీర్పు కాగితంగా మిగిలిపోతుందేమో అన్న భయం వారికి ఉంది. పని సత్వరం మొదలుపెట్టాలని కూడా అదే తీర్పులో రాశారు. కానీ చదువుకునేవాడు తనకు అనుకూలమైన మాటనే చదువుకుంటాడు. దక్షిణాది అధికారులు వేగాన్ని వదిలి త్రాసును పట్టుకున్నారు.

ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో జరిగినది ఇంకా ఘోరం. పిల్లలను కలపక తప్పదని 1959లో న్యాయస్థానం నుంచి గడువు వచ్చేసరికి కౌంటీ పాలకులు బడులకు డబ్బే కేటాయించలేదు. ప్రభుత్వ పాఠశాలలన్నీ మూసివేశారు. తెల్లపిల్లల కోసం ప్రైవేటు బడి లేచింది. సుమారు 1,700 మంది నల్లపిల్లలకు ఏమీ లేదు. కొందరిని తల్లిదండ్రులు ఇతర ప్రాంతాలలోని బంధువుల ఇళ్ళకు పంపారు. కొందరు చర్చి నేలమాళిగలలో దొరికిన నాలుగు అక్షరాలు నేర్చుకున్నారు. చాలామంది పొలం పనులకు పోయారు. 1963లో విరాళాలతో తాత్కాలికంగా ఉచిత బడులు తెరిచారు. 1964 మే 25న సుప్రీంకోర్టు మళ్ళీ తీర్పు చెప్పవలసి వచ్చింది. ఆలోచన మితిమీరిందని, వేగం చాలలేదని జస్టిస్ బ్లాక్ అందులో రాశారు. ఆ సెప్టెంబరులో ప్రభుత్వ బడులు తెరుచుకున్నాయి. మూసిననాడు పదేళ్ళున్న పిల్లవాడికి అప్పటికి పదిహేను. ఆ ఏడాది దక్షిణాదిలోని పదకొండు రాష్ట్రాలలో తెల్లపిల్లలతో కలిసి చదువుతున్న నల్లపిల్లలు నూటికి 1.2 మంది మాత్రమే. తీర్పు వచ్చి పదేళ్ళు అయింది.

చివరకు 1969 అక్టోబరు 29న, మిసిసిపీ బడుల కేసులో, సుప్రీంకోర్టు ఆ పాత పదబంధాన్ని తొలగించి ‘ఎట్ వన్స్’ అన్నది. అంటే ‘ఒక్కసారిగా, ఇప్పుడే’. పైన చెప్పిన ‘అనాన్’లో ఉన్న ‘ఒకటి’యే ఇందులోనూ ఉంది. ఈ మాట పడిన తరువాత దక్షిణాది బడులలో జరిగిన మార్పు అంతకు ముందు పదిహేనేళ్ళలో జరగలేదు. సరైన మాట సాధ్యమే. అది 1955లోనూ నిఘంటువులో ఉంది.

ఈ కథ చదివి పరాయి దేశాన్ని తప్పుపట్టి ఊరుకోవడం మనకు తగదు. మన రాజ్యాంగ నిర్మాతలు క్రియావిశేషణాలను అంతగా నమ్మలేదు. నిర్బంధించిన మనిషిని మేజిస్ట్రేటు ముందు ఎప్పుడు నిలపాలన్న చోట 22వ అధికరణంలో ‘శీఘ్రంగా’ అని వదలక 24 గంటలని అంకె వేశారు. చదువు విషయంలోనూ 45వ అధికరణంలో అంకె వేశారు. పద్నాలుగేళ్ళ వయసు వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను పదేళ్ళలోగా అందించడానికి రాజ్యం ప్రయత్నించాలన్నారు. ఆ లెక్కన 1960కి ముగియాలి. విద్యను ప్రాథమిక హక్కుగా చేసిన సవరణ 2002లో వచ్చింది. దానిని అమలు చేసే చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అంకె కూడా సడలగలదని మనం నిరూపించాం. 24 గంటలకు కాపలాగా న్యాయస్థానం ఉంది. పదేళ్ళకు కాపలాగా ‘ప్రయత్నించాలి’ అన్న ఒక క్రియ తప్ప మరేమీ లేదు.

కనుక మాటను నిందించి ప్రయోజనం లేదు. ‘సోనా’ పుట్టినప్పుడు మంచి మాటే. ‘త్వరలో’ కూడా మంచి మాటే. ఇచ్చేవాడి చేతిలో పగ్గం ఉండి, అడిగేవాడి చేతిలో ఏమీ లేనప్పుడు ఎంతటి గట్టి మాటైనా ‘రేపు రా’గా మారుతుంది. ఎనిమిది రోజులకో, పదేళ్ళకో ఎవరైనా ‘ఆలస్యమెందుకైంది’ అని గట్టిగా అడిగినప్పుడు మళ్ళీ దానికి పదును వస్తుంది.

ప్రిన్స్ ఎడ్వర్డ్‌లో బడి పోగొట్టుకున్నవారి కోసం వర్జీనియా రాష్ట్రం 2004లో ఉపకార వేతనాలు ఏర్పాటు చేసింది. అప్పటికి వారిలో చాలామందికి యాభై దాటాయి. కొందరు ఆ వయసులో పుస్తకాలు పట్టుకున్నారు. మోటన్ బడి ఇప్పుడు ప్రదర్శనశాల.

నా తరగతిలో ప్రశ్న అడిగిన పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. సంక్రాంతి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. ఇటుకబట్టీలో పనికి కుదిరాడని తోటిపిల్లలు చెప్పారు. నేను ఒకసారి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తలుపు గొళ్ళెం పెట్టి ఉంది. ఉపకార వేతనం మరుసటి జూలైలో వచ్చింది. దానితో పాటు ఒక కాగితం కూడా వచ్చింది. పంచగా మిగిలిన మొత్తాన్ని ‘తక్షణమే’ ప్రభుత్వ ఖాతాకు తిరిగి జమ చేయాలని అందులో ఉంది.

ఆ మాటను మేము నిఘంటువులో ఉన్న అర్థంలోనే పాటించాం. వాడి పేరు ఎదుట ‘బడి మానినాడు’ అని రాసి, ఆ మధ్యాహ్నమే డబ్బు కట్టించి వచ్చాను.